వ్యంగ్యచిత్రకారుడు శంకర్ – ప్రతీకల పరమార్థం

అక్షరం కంటె బొమ్మ ముందు పుట్టిందని పెద్దలు చెబుతారు. ఇందుకు దూరదేశాల సాక్ష్యాలు వెదకనక్కరలేదు. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగిననాడు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పల్లెలలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. ఆనాడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, ఆ పెట్టెమీద ఒక గుర్తు ఉండేవి. ఓటరు పేరు చదివి కాక, గుర్తు చూచి తన అభిప్రాయాన్ని తెలిపేవాడు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనది ఆ ఎన్నికలలోనే. జీవితమంతా అక్షరాన్ని నమ్ముకున్న ఆ మహనీయుని సైతం అక్షరం రాని రైతు పోల్చుకున్నది కాంగ్రెసు కాడెద్దుల బొమ్మను బట్టియే. ఆ రెండెద్దులలో ఆ రైతుకు తన సేద్యం కనిపించింది, తన కష్టం కనిపించింది. ఒక బొమ్మ తానుగా ఉండి, తనకు మించిన మరొక అర్థాన్ని మోయడమే ప్రతీక అనబడుతుంది.

ఈ ప్రతీకనే ప్రాణంగా చేసుకొని బ్రతికే కళ ఒకటి పత్రికలలో ఉన్నది. అదే సంపాదకీయ వ్యంగ్యచిత్రం; వాడుకలో కార్టూన్. సంపాదకుడు రెండు కాలములలో విస్తరించి చెప్పేదానిని కార్టూనిస్టు అరచేయి వెడల్పు చోటులో, కొద్ది గీతలతో చెబుతాడు. చదివేవానికి పది నిమిషాలు పట్టే విషయం చూచేవానికి క్షణంలో తెలుస్తుంది. మన దేశంలో ఈ కళకు గౌరవస్థానం సంపాదించిపెట్టిన వారిలో అగ్రగణ్యులు కేశవ శంకర్ పిళ్లె. లోకం ఆయనను శంకర్ అనే ఎరుగును. ఆయన జీవితాన్ని, ఆ జీవితం ద్వారా ప్రతీకల బలాన్ని, వాటివల్ల కలిగే ప్రమాదాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయాలని మేము ఈ వ్యాసానికి పూనుకున్నాము.

ప్రతీక – దాని స్వభావం

మన ఆలంకారికులు శబ్దానికి మూడు శక్తులున్నవని చెప్పారు. మాటకు నేరుగా వచ్చే అర్థం వాచ్యం. నేరుగా కుదరనప్పుడు సంబంధాన్ని బట్టి వచ్చే అర్థం లక్ష్యం. ఈ రెండింటినీ దాటి సహృదయుని మనసులో మెరిసే అర్థం వ్యంగ్యం. వ్యంగ్యచిత్రమనే పేరులోనే ఈ మూడవ శక్తి ఇమిడి ఉన్నది. కాబట్టి నవ్వించే బొమ్మలన్నీ వ్యంగ్యచిత్రాలు కావు. ఏ బొమ్మ కనిపించే దానిని మించి మరొకటి స్ఫురింపజేస్తుందో అదే వ్యంగ్యచిత్రం.

మా ఉర్దూ విద్యార్థులకు ఈ సంగతి మరింత సులభంగా బోధపడుతుంది. గజల్‌లో వచ్చే బుల్‌బుల్ పిట్ట కేవలం పిట్ట కాదు. సయ్యాద్ కేవలం వేటగాడు కాడు. కఫస్ కేవలం పంజరం కాదు. పరాయి ప్రభుత్వం పాలిస్తున్న కాలంలో వేటగాడంటే పాలకుడనీ, పంజరమంటే చెరసాల అనీ వినేవారు గ్రహించారు. కవి నోరు విప్పి పాలకుని పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ కలుగలేదు.

ప్రతీక యొక్క బలమూ బలహీనతా ఒక్కచోటనే ఉన్నవి. దానికి అర్థమిచ్చేది చూచేవాని మనసు. గ్రీకుల కథలలో గుడ్లగూబ జ్ఞానదేవతకు ఇష్టమైన పక్షి. మన పల్లెలో అదే పక్షి ఇంటిమీద వాలితే అపశకునం. మనకు ఏనుగు ఐశ్వర్యానికి గుర్తు. అమెరికాలో అది రిపబ్లికన్ పార్టీకి గుర్తు; 1874లో థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు తన కార్టూన్లో వేసిన నాటినుండి అది ఆ పార్టీకి అంటుకున్నది. కాబట్టి చిత్రకారుడు గీసినది సగమే. మిగిలిన సగాన్ని చూచేవాడు తన భాషతో, తన ఆచారంతో, తన అనుభవంతో పూరిస్తాడు. ఆ రెండు సగాలూ కలిస్తే నవ్వు పుడుతుంది. కలియకపోతే తగవు పుడుతుంది.

ప్రతీకకు పాలకులు ఎంత భయపడ్డారో తెలియడానికి ఫ్రాన్సు దేశపు కథ ఒకటి చాలు. 1831లో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాధిపతి లూయీ ఫిలిప్ రాజు ముఖాన్ని పియర్ పండుతో పోల్చాడు. నేరారోపణ జరిగితే న్యాయస్థానంలోనే నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖం, చివరిది పండు. నడుమ రెండు బొమ్మలలో ముఖం క్రమంగా పండుగా మారింది. పోలిక నేరమైతే ఆ పండునే శిక్షించవలసి వస్తుందని ఆయన వాదన. శిక్ష తప్పలేదు. కాని అటుపిమ్మట దేశంలో గోడమీద ఎవరు పియర్ పండు గీసినా రాజే కనిపించాడు. ఆయన పత్రికలో బొమ్మలు వేసిన దొమియే అనే మహాచిత్రకారుడు, రాజును ప్రజల సొమ్ము మింగే రాక్షసునిగా చిత్రించినందుకు 1832లో చెరసాలకు వెళ్లాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు, ప్రతీకను శిక్షించిన పాలకుడు అది తనదేనని తానే ఒప్పుకున్నవాడవుతాడు.

ఈ కళ ఇంగ్లండులో 1841లో వెలసిన పంచ్ పత్రికతో ప్రసిద్ధి చెందింది. మన దేశంలో ఆ దారిని ముందుగా పట్టినవాటిలో ఉర్దూ పత్రిక ఒకటి ఉండటం మనకు గర్వకారణం. 1877లో మున్షీ సజ్జాద్ హుసేన్ లక్నో నుండి అవధ్ పంచ్ వెలువరించారు. తెలుగులో 1930 ప్రాంతాల తలిశెట్టి రామారావుగారు భారతి, ఆంధ్రపత్రికలలో వ్యంగ్యచిత్రాలు వేసి ఆద్యులనిపించుకున్నారు. ఆయన జన్మదినమైన మే 20వ తేదీని తెలుగు కార్టూనిస్టులు నేటికీ తమ దినంగా జరుపుకుంటారు. అయితే ప్రతిదినమూ రాజకీయాన్ని బొమ్మలో తూచడం వృత్తిగా స్వీకరించి, ఒక తరానికి గురువై నిలిచినవారు శంకర్.

జననం – విద్యాభ్యాసం

శంకర్ 1902 జూలై 31న కేరళలోని కాయంకుళంలో జన్మించారు. తరగతిలో నిద్రపోతున్న ఒక ఉపాధ్యాయుని రూపాన్ని ఆయన గీసిన బొమ్మయే ఆయన మొదటి వ్యంగ్యచిత్రమని చెబుతారు. ప్రధానోపాధ్యాయులు కోపించారు. ఇంటిలో మేనమామ మాత్రం ఆ చేతిలోని నేర్పును గుర్తించి ప్రోత్సహించారు. అటు తరువాత మావేలిక్కరలోని రవివర్మ చిత్రకళాశాలలో చిత్రలేఖనం అభ్యసించారు. తిరువనంతపురంలో 1927లో పట్టభద్రులైనారు. న్యాయశాస్త్రం చదువుదామని బొంబాయి వెళ్లారు గాని, ఏడాదికే ఆ చదువు విడిచిపెట్టారు. సింధియా నౌకా సంస్థకు చెందిన నరోత్తమ్ మొరార్జీగారి వద్ద కార్యదర్శిగా పనిచేస్తూ ఫ్రీ ప్రెస్ జర్నల్, బాంబే క్రానికల్ పత్రికలకు బొమ్మలు వేసి పంపేవారు.

న్యాయవాది కావలసిన వ్యక్తి కార్టూనిస్టు కావడంలో విశేషమేమీ లేదు. రెండు వృత్తులలోను అభియోగం మోపడమే పని. న్యాయవాదికి సాక్షులుంటారు, కార్టూనిస్టుకు ప్రతీక ఒక్కటే సాక్షి. న్యాయస్థానంలో ఎదుటి పక్షానికి జవాబు చెప్పుకొనే హక్కు ఉన్నది. కార్టూన్లో ఆ హక్కు లేదు. ఈ చివరి భేదాన్ని పాఠకులు మనసులో ఉంచుకోవలసిందిగా మా మనవి. శంకర్ జీవితంలోని పెద్ద ప్రశ్న దీనిచుట్టూనే తిరుగుతుంది.

ఢిల్లీ జీవితం – గాంధీజీ హెచ్చరిక

1932లో హిందూస్థాన్ టైమ్స్ సంపాదకులు పోతన్ జోసెఫ్ శంకర్‌ను తమ పత్రికకు కార్టూనిస్టుగా ఢిల్లీకి రప్పించారు. 1946 వరకు ఆయన అక్కడనే పనిచేశారు. అది విల్లింగ్డన్, లిన్‌లిత్‌గో వైస్రాయిలుగా ఉన్న కాలం. జాతీయోద్యమం ఒకవైపు, దానిలోనే పుట్టిన చీలికలు మరొకవైపు సాగుతున్న కాలం. శంకర్ బొమ్మలకు కావలసిన వస్తువు ప్రతి ఉదయమూ వార్తలలో దొరికేది. నడుమ పదునాలుగు నెలలు లండన్‌లో ఉండి అక్కడి చిత్రకళాశాలలలో శిక్షణ పొందారు. యూరపులోని ప్రధాన నగరాలను దర్శించారు. తాము ఎవరిని ఎగతాళి చేస్తున్నారో ఆ వైస్రాయిలు సైతం ఆయన బొమ్మలను ఆసక్తితో చూచేవారని ప్రసిద్ధి.

ఈ కాలంలో జరిగిన ఒక సంఘటన మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. 1939లో శంకర్ మహమ్మదలీ జిన్నాను గూర్చి బొమ్మలు వేశారు. జిన్నాతో గాంధీజీకి గల రాజకీయ విభేదం లోకవిదితమే. ఆ బొమ్మలను చూచి ఆయన సంతోషిస్తారని ఎవరైనా అనుకుంటారు. కాని గాంధీజీ శంకర్‌కు లేఖ వ్రాసి మందలించారు. బొమ్మలు కళాదృష్టితో బాగున్నవని మెచ్చుకుంటూనే, అవి నిజాన్ని సరిగా పలకాలనీ, మనసు నొప్పింపకుండా నవ్వించలేకపోతే ఈ వృత్తిలో ఎదగడం కష్టమనీ, హాస్యం ఎన్నడూ మోటుగా ఉండరాదనీ, కాటు వేయరాదనీ ఆ లేఖ సారాంశం.

ఆ లేఖలో మేము గమనించినది రెండు విషయాలు. మొదటిది, ఎదుటి పక్షం వానికి జరిగిన అన్యాయాన్ని ఈ పక్షం పెద్ద స్వయంగా గుర్తించడం. రెండవది, కార్టూన్‌కు హాస్యం ఒక్కటే చాలదనీ, యథార్థజ్ఞానం కూడ కావాలనీ చెప్పడం. ఒక నాయకుని ముక్కునో, కళ్లద్దాన్నో పెద్దది చేసి గీయడం అతిశయోక్తి. అది కళలో భాగం. ఆ నాయకుని టోపీని, దుస్తులను తీసుకొని ఒక సంఘమంతటికీ గుర్తుగా వాడి, ఆ సంఘమంతటినీ నవ్వులపాలు చేయడం అతిశయోక్తి కాదు, అది అపవాదు. ఒక టోపీ, ఒక గడ్డం, ఒక జంధ్యం, ఒక గోచీ, ఇవి ధరించే మనుషులు కోట్లలో ఉన్నారు. వారందరినీ ఒక్క గీతలో బంధించే హక్కు ఏ చేతికీ లేదు. పైకి ఒక మనిషిని చూపే ప్రతీక లోపల ఒక జాతిని సూచించవచ్చును. ఎవరిని సూచిస్తున్నదన్న ప్రశ్న అందుకే అన్నిటికంటె ముందు వేయవలసినది.

శంకర్స్ వీక్లీ – నెహ్రూతో స్నేహం

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948 మే నెలలో, శంకర్ తన సొంత వారపత్రిక శంకర్స్ వీక్లీని ప్రారంభించారు. ప్రారంభోత్సవం చేసినవారు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ. తనను కూడ వదలిపెట్టవద్దని ఆయన ఆ పత్రికాధిపతిని కోరారన్న సంగతి ప్రసిద్ధమే. శంకర్ ఆ మాటను అక్షరాలా పాటించారు. నెహ్రూను గూర్చిన ఆ కార్టూన్ల సంపుటికి తరువాత ఆ కోరికయే పేరుగా నిలిచింది. ఆ పత్రిక నీడలో కుట్టి, అబూ అబ్రహాం, ఒ.వి. విజయన్ వంటివారు పేరు తెచ్చుకున్నారు. ఆయనకు 1956లో పద్మశ్రీ, 1966లో పద్మభూషణ్ లభించాయి. తాను ప్రతివారం విమర్శించే ప్రభుత్వమే తనను సన్మానించడం ఆ ప్రభుత్వానికీ భూషణమే.

శంకర్ ప్రతీకను ఎంత పొదుపుగా వాడేవారో చెప్పడానికి ఒక బొమ్మను వివరిస్తాము. అది 1964 మే 17న వెలువడింది. అందులో నెహ్రూ కాగడా పట్టుకొని పరుగెత్తుతున్నారు. దేహం బాగా అలసి ఉన్నది. వెనుక గుల్జారీలాల్ నందా, లాల్ బహదూర్ శాస్త్రి, మొరార్జీ దేశాయి, కృష్ణమేనన్, ఇందిరాగాంధీ పరుగెత్తుతున్నారు. బొమ్మ ఇంతే. కాగడా అంటే అధికారమనీ, పరుగు అంటే కాలమనీ, కాగడాను చేతినుండి చేతికి అందించే పందెంలో అలసినవాడు ఆగక తప్పదనీ ఎవరూ ప్రక్కన వ్రాయనక్కరలేదు. నెహ్రూ తరువాత ఎవరన్నది ఆనాడు దేశమంతటా నలుగుతున్న ప్రశ్న. పెద్దమనిషి మరణాన్ని గూర్చి బహిరంగంగా మాట్లాడటం మన సంప్రదాయంలో మర్యాద కాదు. ప్రతీక ఆ మర్యాదను కాపాడుతూనే ప్రశ్నను అడిగింది. పది దినాల తరువాత, మే 27న నెహ్రూ కన్నుమూశారు. ఆ వెనుక ఉన్నవారిలో నందా తాత్కాలికంగాను, శాస్త్రి, ఇందిర, మొరార్జీ ఒకరి తరువాత ఒకరుగాను ప్రధానమంత్రులైనారు.

నత్త బొమ్మ – అరువది ఏండ్ల తగవు

శంకర్ బొమ్మలలో నేడు అందరికంటె ఎక్కువగా చర్చకు వచ్చేది 1949 ఆగస్టు 28నాటిది. రాజ్యాంగమనే పేరు గల నత్త ఒకటి మెల్లగా ప్రాకుతున్నది. దానిమీద రాజ్యాంగ ముసాయిదా సంఘాధ్యక్షులు డాక్టర్ అంబేద్కర్ కూర్చొని ఉన్నారు. ఆయన చేతిలో కొరడా ఉన్నది. వెనుక నెహ్రూ కూడ కొరడా ఎత్తి నిలిచి ఉన్నారు. ప్రజలు చూస్తున్నారు. నత్తనడక అన్న మాట తెలిసిన తెలుగువానికి ఈ బొమ్మ అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. రాజ్యాంగరచన ఆలస్యమవుతున్నదన్నది ఆనాటి పత్రికల మాట. శంకర్ ఆ మాటకు రూపమిచ్చారు.

ఆ ఆరోపణ న్యాయమైనదేనా? ఇక్కడ మనం లెక్కలు చూడాలి. రాజ్యాంగసభ 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైంది. 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. దాదాపు మూడేండ్లు గడిచిన మాట నిజమే. అయితే ఆమోదం పొందినప్పుడు దానిలో 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. ముసాయిదాపై 7635 సవరణలు ప్రతిపాదింపబడగా వానిలో 2473 సభలో చర్చకు వచ్చాయి. 1949 నవంబరు 25న అంబేద్కర్ తన ముగింపు ప్రసంగంలో ఈ ఆలస్యపు నిందకు స్వయంగా సమాధానమిచ్చారు. కెనడాకు రెండేండ్ల అయిదు నెలలు, ఆస్ట్రేలియాకు తొమ్మిదేండ్లు పట్టిందని గుర్తుచేశారు. అమెరికా నాలుగు నెలలలోనే ముగించినప్పటికీ వారి రాజ్యాంగం ఎంతో చిన్నదనీ, అక్కడ సవరణల బెడద లేదనీ వివరించారు.

మరొక నిజం కూడ ఉన్నది. ముసాయిదా సంఘంలో సభ్యులు ఏడుగురు. వారిలో ఒకరు రాజీనామా చేశారు. ఒకరు మరణించారు. ఒకరు అమెరికాలో ఉన్నారు. మరొకరు సంస్థానపు పనులలో మునిగి ఉన్నారు. ఒకరిద్దరు అనారోగ్యం చేత ఢిల్లీకి దూరమైనారు. కాబట్టి ఆ భారమంతా అంబేద్కర్ ఒక్కరి భుజాలమీదనే పడిందని టి.టి. కృష్ణమాచారి 1948 నవంబరులోనే సభలో సెలవిచ్చారు. అంతటి భారాన్ని మోసిన మనిషిని నత్తమీద కూర్చోబెట్టడంలో వేగం కనిపించింది గాని బరువు కనిపించలేదు. నత్త నెమ్మదిగా నడుస్తుంది, నిజమే. అయితే తన ఇంటిని తానే మోసుకొని నడుస్తుందన్న సంగతి చూచేవారు మరచిపోయారు.

ఈ బొమ్మ కథ అంతటితో ముగియలేదు. 2006లో పదకొండవ తరగతి రాజనీతిశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. దీనిని ముద్రించింది. 2012 మే నెలలో పార్లమెంటులో పెద్ద అలజడి రేగింది. నెహ్రూ చేతి కొరడా నత్తమీదికి కాక, అంబేద్కర్ వీపుమీదికి లేచినట్లున్నదన్నది నిరసించినవారి అభ్యంతరం. ప్రభుత్వం ఆ కార్టూన్‌ను తొలగిస్తామని ప్రకటించింది. పుస్తక రచనకు సలహాదారులుగా ఉన్న ఇద్దరు ఆచార్యులు రాజీనామా చేశారు. పూనాలో ఒకరి కార్యాలయంపై దాడి కూడ జరిగింది. శంకర్ గతించి అప్పటికి ఇరువదిరెండేండ్లు దాటింది. తన బొమ్మకు అర్థం చెప్పడానికి ఆయన లేరు. జవాబు చెప్పడానికి అంబేద్కరూ లేరు.

బొమ్మలో ఒక్క గీత కూడ మారలేదు. మారినది చూచేవారి లోకం. 1949లో అంబేద్కర్ ఒక మంత్రి. 2012 నాటికి ఆయన కోట్లాది ప్రజల ఆత్మగౌరవానికి తానే ఒక ప్రతీక. తరతరాలుగా నిజంగానే కొరడా దెబ్బలు తిన్న కుటుంబాలలో పుట్టిన విద్యార్థికి, ఆ కొరడా కేవలం తొందరపెట్టే సాధనంగా కనిపించదు. వారి బాధను అజ్ఞానమని కొట్టివేయడం తగదు. అట్లని బొమ్మను చింపివేయడం, అధ్యాపకుని గదిపై దాడిచేయడం విద్యామార్గం కాదు. పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మ ప్రక్కన అంబేద్కర్ ఇచ్చిన సమాధానాన్ని కూడ ఉంచి, రెండింటినీ తూచమని విద్యార్థిని కోరి ఉంటే ఆ పాఠం సంపూర్ణమయ్యేదని మా అభిప్రాయం. న్యాయస్థానంలో ఉండి కార్టూన్లో లేని ఆ జవాబు హక్కును తరగతిగది ఇవ్వగలదు. ఇవ్వవలసినది కూడ తరగతిగదియే.

పత్రిక నిలుపుదల

1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడింది. పత్రికలపై తనిఖీ మొదలయింది. అదే సంవత్సరం ఆగస్టు 31నాటి సంచికతో, ఇరువదియేడేండ్లు నడిచిన శంకర్స్ వీక్లీ ఆగిపోయింది. నియంతృత్వం నవ్వును సహింపజాలదనీ, ప్రజలు తనను చూచి నవ్వుతారన్న భయం దానిని వెన్నాడుతుందనీ శంకర్ తన వీడ్కోలు సంపాదకీయంలో సూచించారు. ప్రతీకకు తుపాకీ లేదు, సైన్యం లేదు. అయినా పాలకుడు దానికి భయపడతాడు. నవ్విన ప్రజ ఆ క్షణాన భయాన్ని మరచిపోతుంది గనుక.

తనను వదలవద్దని కోరిన ప్రధానిని శంకర్ చూచారు. నవ్వే వీలు లేని కాలాన్నీ చూచారు. ఈ రెంటి నడుమ గల దూరమే ఆయన జీవితంలో మనకు కనిపించే గొప్ప పాఠం. కార్టూన్ బాగుండాలంటే చిత్రకారుని చేయి ఒక్కటే బాగుంటే చాలదు. నవ్వుకు గురియైనవాని మనసు కూడ విశాలంగా ఉండాలి.

బాలల శంకర్

పెద్దలలోని చిన్నతనాన్ని జీవితమంతా చిత్రించిన శంకర్, చిన్నవారిలోని పెద్దతనాన్ని గుర్తించడం విశేషం. 1949లో బాలబాలికలకు చిత్రలేఖన పోటీని ప్రారంభించారు. త్వరలోనే అది దేశదేశాల పిల్లలు పాల్గొనే అంతర్జాతీయ పోటీ అయింది. 1957లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును స్థాపించి పిల్లలకు అందమైన పుస్తకాలను తక్కువ వెలకు అందించారు. హంగేరీ దేశపు రాయబారి బహూకరించిన ఒక బొమ్మ ఆయనలో బొమ్మల సేకరణపై మోజు పుట్టించింది. దాని ఫలితమే ఢిల్లీలోని అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల. దానిని 1965 నవంబరు 30న ప్రారంభించినవారు మన తెలుగు బిడ్డ, ఆనాటి రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1976లో శంకర్‌కు పద్మవిభూషణ్ లభించింది. 1989 డిసెంబరు 26న ఆయన పరమపదించారు.

వారపత్రిక ఆగిపోయినా పిల్లల పోటీ ఆగలేదు. పాలకుడు బిగించగలిగినది నేటి పత్రికను మాత్రమే. చూడటం నేర్చిన రేపటి కన్నును కాదు.

విద్యార్థులకు మనవి

నేడు బొమ్మలు పత్రికలలోనే కాదు, ప్రతివాని అరచేతిలోను ఉన్నవి. గీసినవాడెవరో తెలియదు, పంపినవాడు మాత్రం పరిచయస్థుడు. శంకర్ బొమ్మ క్రింద ఆయన సంతకం ఉండేది, తప్పయితే మందలించేందుకు గాంధీజీ వంటివారు ఉండేవారు. నేటి బొమ్మలలో చాలావాటికి సంతకం లేదు. కాబట్టి చూచేవాని బాధ్యత మునుపటికంటె పెరిగింది.

బొమ్మను చూడగానే నవ్వు రావచ్చును. రానివ్వండి. నవ్విన తరువాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ గుర్తు ఎవరిని సూచిస్తున్నది, ఒక్క మనిషినా, ఒక సంఘమంతటినా? బొమ్మలో ఎవరు పెద్దగా, ఎవరు చిన్నగా ఉన్నారు? కొరడా ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి వైపు లేచింది? బొమ్మలో చూపని నిజమేది? ఈ నాలుగింటికి జవాబు వెదకిన విద్యార్థి, ఆ బొమ్మను మెచ్చుకున్నా, నిరసించినా, తెలిసి చేసినవాడవుతాడు.

బలవంతుని ముందు నిలబడి నవ్వే బొమ్మకు ధైర్యం కావాలి. బలహీనుని మీద నవ్వే బొమ్మకు ఏమీ అక్కరలేదు. ఈ భేదాన్ని తెలిపేదే చదువు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో తాతలు కాడెద్దుల గుర్తును చదివి ఓటు వేశారు. మనుమలు ఆ తాతలకు లేని అక్షరాన్ని సంపాదించారు. ఆ అక్షరంతో బొమ్మను కూడ చదవగల శక్తి మా విద్యార్థులకు కలగాలని, వారిలోనుండి నిజాయితీగల చిత్రకారులు సైతం ఉదయించాలని మేము మనసారా కోరుతున్నాము.